ఆడపిల్లకు జేబెందుకు

మా మనవరాలి బడిలో నెలకొక శనివారం యూనిఫాం అక్కర్లేదట. ఎవరికి నచ్చిన బట్టలు వాళ్లు వేసుకుని పోవచ్చు. మొన్న ఆ శనివారం పొద్దున అది మంచం నిండా బట్టలు పరుచుకుంది. ఒక్కొక్కటి తొడుక్కుని వంగి చూసింది, కూర్చుని చూసింది, చేతులు పైకెత్తి చూసింది. చివరికి ఆరు జేబులున్న ఖాకీ ప్యాంటు ఒకటి తేల్చుకుంది. "దీంట్లో అయితే ఎటంటే అటు ఉరకొచ్చు నానమ్మా" అంది. రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని గడప దాటబోతుంటే మా కోడలు వంటింట్లోంచే కేకేసింది.

"ఆగు. జేబుల ఏం పెట్టినవ్? తీసి చూపియ్."

పిల్ల నవ్వుతూ జేబులన్నీ బయటికి లాగి చూపించింది. రెండు చాక్లెట్ కాగితాలు, ఒక రబ్బరు ముక్క. తల్లీ నవ్వింది. అంతటితో అయిపోయింది. నా చేతిలో చాయ్ మాత్రం అట్లాగే చల్లారిపోయింది. ఒకప్పుడు నా జేబు కూడా నలుగురిలో అట్లా బయటికి లాగించారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

మాది మానేరు ఒడ్డున సాలెవాళ్ల ఊరు. ఇంటింటికీ గుంట మగ్గం ఉండేది. తెల్లారకముందే మగ్గంలో నాడె అటూ ఇటూ ఉరికే చప్పుడు మొదలయ్యేది. నూలుకు పట్టించిన గంజి పులిసిన వాసన మా బట్టలకూ, జుట్టుకూ, తినే గటకకూ పట్టుకుని ఉండేది. నేను పొద్దున్నే లేచి బాపుకు, అంటే మా నాన్నకు, నూలు కండెలు చుట్టి ఇచ్చి, జొన్న గటకలో పచ్చిపులుసు పోసుకుని తిని బడికి పోయేదాన్ని.

మా ఊరివాళ్లకు అనుమానం ఎక్కువ. అందులో వాళ్ల తప్పు ఎంతుందో నేను చెప్పలేను. నూలిచ్చే సావుకారికి నేతగాళ్ల మీద అనుమానం, నేతగాళ్లకు సావుకారి తూకం మీద అనుమానం. చూస్తుండగానే ఒక రాజ్యం పోయి ఇంకొక రాజ్యం వచ్చింది, దాని మీద మరొకటి వచ్చింది. కచేరీలో కాగితాల భాష మారింది, చెలామణిలో బిళ్లలు మారాయి. ఆఖరుకు గజం పోయి మీటరు వచ్చింది. ఆ సంగతి విన్న రోజు బాపు మగ్గం గుంటలోంచి లేచి కూర్చున్నాడు.

"గజమంటే నా చెయ్యి. మరి మీటరంటే ఎవని చెయ్యి?" అన్నాడు.

బాపు తల్లి, మా బాపమ్మకైతే మబ్బు మీద కూడా నమ్మకం లేదు. ఎంత నల్లగా కమ్ముకొచ్చినా, "గా మబ్బు మనది గాదు. మంచిర్యాల దిక్కు పొయ్యే మబ్బు. మనల్ని ఊరిచ్చి పోతది" అనేది. వాన పడ్డాక కూడా, "గింత జల్దిన పడ్డదంటే మల్ల పడది" అనేది.

అట్లాంటి ఇంట్లో నేను ఆరో తరగతికి వచ్చాను. ఐదు దాకా బడి మా వాడలోనే. ఆరో తరగతి పెద్దబడి ఊరి అవతల, పాత తహసీలు కచేరీలో నడిచేది. దాని వెనక పూర్వం గుర్రాలు కట్టేసిన కొట్టం ఒకటి ఖాళీగా పడి ఉండేది. మా వాడకూ ఆ బడికీ మధ్య ఒక ఒర్రె, అంటే మానేరులో కలిసే చిన్న వాగు. ఎండాకాలం ఇసుకే. వానాకాలం మోకాళ్ల దాకా నీళ్లు.

అప్పుడు ఆడపిల్లలకు కాలి మడమల దాకా లంగా, పైన జాకెట్. అవి మా అవ్వ, అంటే అమ్మ, కుట్టేది. ఏడాదికేడాది పొడుగవుతామని రెండు జానలు ఎక్కువే పెట్టి కుట్టేది. ఒర్రె దాటేటప్పుడు ఒక చేత్తో లంగా ఎత్తి పట్టుకుంటే ఇంకో చేతిలో సంచీ. కాలు జారితే పట్టుకునేందుకు చెయ్యి లేదు. నేను రెండుసార్లు పడ్డాను. పడకపోయినా అంచులు తడిసి మధ్యాహ్నం దాకా కాళ్లకు అంటుకునే ఉండేవి. బరువు. దురద. తొడలు ఒరుసుకుని మంట. మగపిల్లలు నిక్కర్లు వేసుకుని, సంచీ నెత్తిన పెట్టుకుని, నీళ్లు చిమ్ముకుంటూ పోతుంటే నాకు ఏడుపొచ్చేది.

తరగతిలో ఆడపిల్లలం ఇద్దరమే. రెండోది బీడీలు చేసే ఇంటి పిల్ల. పేరు ఎందుకులెండి, నేను దాన్ని 'సోపతీ', అంటే నేస్తమా, అని పిలిచేదాన్ని, అది నన్నూ అట్లాగే పిలిచేది. వాళ్లక్క విడిచిన లంగా వేసుకునేది. అది పొడుగని నడుం దగ్గర మూడు మడతలు వేసి దోపుకునేది. ఆ మడతల్లో, రొండిలో, దానికొక రహస్యం ఉండేది. కత్తిరించిన తునికాకులు తడిగుడ్డలో చుట్టి, ఇంత తంబాకు పొట్లం కట్టి, దారపు ఉండతో సహా అక్కడే దాచుకుని బడికి వచ్చేది. పగటి బువ్వ గంటలో ఒక కట్ట బీడీలు చేసి తీసుకుపోతేనే వాళ్లవ్వ దాన్ని బడికి పంపేది. అదీ ఒప్పందం. గంట కొట్టగానే మేమిద్దరం గుర్రాల కొట్టంలోకి దూరేవాళ్లం. అది గబగబా చుట్టేది. నేను దారం కట్టేదాన్ని. నాకు ముడి సరిగ్గా పడకపోతే, "సాలోళ్ల బిడ్డవు, దారం గట్టరాదానే నీకు" అని వెక్కిరించేది. నా రొట్టె ఇద్దరం తినేవాళ్లం. దాని వేళ్లకున్న తంబాకు ఘాటు ఆ రొట్టెకు కూడా అంటుకునేది. ఈ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక గౌను సంగతి. బడి దారిలో ఒక క్రైస్తవురాలి ఇల్లుండేది. కరీంనగర్‌లో మిషన్ వాళ్ల దగ్గర కుట్టుపని నేర్చుకుని వచ్చింది. అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకునేది. ఆ మిషనూ ఉంది, ఈ మిషనూ ఉంది కనుక ఊళ్లో అందరూ ఆమెను 'మిషనమ్మ' అనేవాళ్లు. పెద్ద మనిషి, తెల్లచీర, సన్నని గొంతు. ఆమె ఇంటి ముందు తీగ మీద ఒకరోజు ఒక గౌను ఆరేసి ఉంది. దవాఖానా డాక్టరు గారి బిడ్డదట. మోకాళ్ల దాకా వచ్చే గౌను, పొట్టి చేతులు, ముందర గుండీలు, పక్కన ఒక జేబు. నేను అక్కడే నిలబడిపోయాను. ఇది వేసుకుంటే ఒర్రెలో రెండు చేతులూ ఊపుకుంటూ పోవచ్చు. బలపం జేబులో వేసుకోవచ్చు. ఆ రాత్రి అన్నం దగ్గర చెప్పేశాను.

ముందు మా బాపమ్మ ముద్ద ఆపింది. "గౌనా? మిషనోళ్ల గౌనా?"

"ఒర్రె దాటనీకి మంచిగుంటది బాపమ్మా. జేబు గూడ ఉంటది."

"జేబెందుకే ఆడిపిల్లకు? ఏం దాసుకుంటందుకు?"

అవ్వకు ఇంకో అనుమానం. "ఎవలు నేర్పిండ్రే నీకు గీ మాట? నీ అంతట నీకు వచ్చే మాట గాదిది."

 బాపు నా లంగా ఒక పక్క చిరిగి ఉండటం, నా మోకాలికి దోక్కుపోయి ఉండటం చూశాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు: "గుడ్డ నాది. కుట్టేది ఆమె. కుట్టేటోళ్లు గుడ్డ మిగుల్చుకుంటరు. నేను ముంగట కూసుండి కత్తిరిపిస్త."

అన్నట్టే తను నేసిన గుడ్డ, నీలం మీద సన్నని తెల్ల చారలది, మోచేతితో రెండుసార్లు కొలిచి చంకన పెట్టుకుని నన్ను తీసుకుని పోయాడు. ఆ అరుగు మీద నూనె వాసన, కొత్తగుడ్డ వాసన. బాపు కత్తెరకు ఎదురుగా గొంతుకూర్చున్నాడు. మిషనమ్మ ఆయన్ను చూసి ఊరుకుంది. నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎట్ల కావాలె బిడ్డా నీకు?"

నేను బాపు దిక్కు చూశాను.

"బాపును గాదు, నిన్నడుగుతున్న. చేతులు మీదికి లేపు. ఇప్పుడు కూసో. గా యాపచెట్టు దాక ఉరికి రా."

ఉరికి వచ్చాను. నా బట్టలు నాకెట్లా ఉండాలో అడిగిన మొదటి మనిషి ఆమె. భుజం దగ్గర బిగువు వద్దన్నాను. పొడుగు మోకాళ్ల దాకా అన్నాను. జేబు కుడి పక్కన అన్నాను.

"కుడి పక్కకే ఎందుకు?"

"ఎడమ చేతికి సంచి ఉంటది."

"అబ్బో" అని నవ్వి, ముగ్గురాయితో గుడ్డ మీద గీత గీసింది.

నాలుగు రోజులకు గౌను ఇచ్చింది. దానితో పాటు చిన్న మూట. కత్తిరింపులో పోయిన ముక్కలన్నీ, చిటికెన వేలంత పేలికతో సహా, అందులో కట్టి ఇచ్చింది. బాపు ఇంటికి వచ్చి చాప మీద గౌను పరిచి, ఆ ముక్కలన్నీ చుట్టూ పేర్చి చూశాడు. చారకు చార కలిసింది. ఒక్క ముక్క తక్కువ కాలేదు. బాపు ముఖంలో సంతోషం కనిపించలేదు.

"గింత మంచిగ ఇచ్చిందంటే ఇండ్ల ఏదో ఉన్నది" అన్నాడు. బాపమ్మ తలూపింది.

ఏదో ఉన్న మాట నిజమే. గౌను నా చేతికిచ్చేటప్పుడు బాపు చెప్పులు వేసుకుంటున్నాడు. మిషనమ్మ ఒక చిన్న రంగుల బొమ్మకాగితం నా జేబులో పెట్టి, "కొత్త జేబు వట్టిగ ఉండొద్దు" అంది. ఒకాయన గొర్రెపిల్లను భుజాన వేసుకుని నడుస్తున్న బొమ్మ. వెనక రెండు వరుసల అచ్చు అక్షరాలు. నేను ఆ అక్షరాలు చదవనేలేదు. ఆ గొర్రెపిల్ల నాలుగు కాళ్లూ వేలాడేసుకుని అంత నిమ్మళంగా ఉంటే దాన్నే చూస్తుండేదాన్ని. ఇంట్లో చూపితే గౌను పోతుందని తెలుసు. అందుకని దాచాను. ఆడపిల్లకు జేబుంటే ఏదో దాస్తుందని బాపమ్మ అన్న మాట మొదటి రోజే నిజం చేశాను.

గౌను వేసుకుని ఒర్రె దాటిన మొదటి పొద్దు మాత్రం నేను మరిచిపోలేను. నీళ్లు మోకాళ్లకు చల్లగా తగిలాయి. సోపతి లంగా చేతపట్టుకుని వస్తుంటే దాని సంచీ కూడా నేనే మోశాను. గట్టెక్కి ఇద్దరం చింతచిగురు కోసి నా జేబు నిండా నింపుకున్నాం. బడిలో మగపిల్లలు "మిషనమ్మ బిడ్డొచ్చె" అని పాట కట్టారు. లెక్కల సారు గౌనును పైనుంచి కింది దాకా చూసి, "జేబు కూడానా!" అన్నారు.

ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి. బాగా చెప్పేవారు, ఆ మాట కాదనను. కానీ మా మాట ఆయనకు సగం అర్థమయ్యేది కాదు, ఆయన మాట మాకు సగం. మేం ఏదైనా గుసగుసలాడితే తన గురించేనని అనుకునేవారు. మేమేమో, "గీ సారుకు మనమంటే పడది" అనుకునేవాళ్లం.

శ్రావణంలో అనుకుంటాను, ముసురు పట్టిన రోజు. పగటి గంట తరవాత తరగతికి వచ్చేసరికి సారు బల్ల మీద చేతులతో వెతుకుతున్నారు. సొరుగు లాగారు, రిజిస్టర్లు దులిపారు. కళ్లద్దాలు లేవు. అవి లేకపోతే ఆయనకు పలక మీద అంకె కూడా కనిపించదు.

"ఇక్కడే పెట్టి వెళ్లాను. గదిలోకి ఎవరొచ్చారు?"

 సంచులన్నీ విప్పించారు. మగపిల్లల నిక్కర్ల జేబులు చూశారు. చివరికి నా ముందుకు వచ్చి నిలబడ్డారు.

"జేబున్న ఆడపిల్లవు నువ్వొక్కదానివే. అందులో ఏముందో తీసి బల్ల మీద పెట్టు."

తీశాను. బలపం ముక్క, ఐదు చింతగింజలు, వాడిపోయిన చిగురు. సారు జేబు లోపలి గుడ్డ బయటికి లాగమన్నారు. లాగితే బొమ్మకాగితం పడింది. ఆయన దాన్ని ముక్కుకు ఆనించుకుని చూశారు.

"ఇదెవరిచ్చారు నీకు?"

వెనక నుంచి ఎవడో "మిషనమ్మ!" అని అరిచాడు. తరగతి అంతా గుసగుసలు.  అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. ఆ కళ్లు నా మీంచి పోవాలి. అదొక్కటే నాకు కావాలి. అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చింది.

"నా జేబుల అద్దాలు లేవు సార్. దాని రొండిల చూడుండ్రి."

సోపతి నా పక్కనే నిలబడి ఉంది. దాని రొండిలో ఏముందో నాకు తెలుసు. కళ్లద్దాలు కావని కూడా తెలుసు. సారు దాని వైపు తిరగకముందే అది నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. సరిగ్గా విన్నానా అని చూసినట్టుంది. తరవాత ఎవరూ అడగకుండానే మడతలు తనే విప్పింది. తునికాకులు జలజల రాలాయి, పొట్లం చిట్లి తంబాకు నేల మీద పరుచుకుంది. ముసురుకు ఆ పగలు కట్ట పూర్తి కాలేదు, చేసిన బీడీలు ఏడో ఎనిమిదో దొర్లుకుంటూ సారు చెప్పుల దాకా పోయాయి.

"ఆడపిల్ల దగ్గర పొగాకా! బడికి వచ్చేది ఇందుకా?"

 అది వంగి ఒక్కొక్క ఆకూ ఏరుకుంది. తడిసినవి వేరు, ఎండినవి వేరు పెట్టుకుంది. ఒక పిల్లవాణ్ణి పంపి వాళ్లవ్వను పిలిపించారు. ఆమె వచ్చి గుమ్మం బయటే నిలబడి, సారు చెప్పిందంతా విని, బిడ్డ చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. సోపతి మళ్లీ బడికి రాలేదు.

నేను ఇంటికి చేరేలోపే కబురు ఇంటికి చేరింది. అందులో కళ్లద్దాల మాట లేదు, సోపతి మాట లేదు. మిషనమ్మ పిల్ల జేబులో దేవుని బొమ్మ పెట్టిందన్న మాటొక్కటే ఉంది.

"నేను చెప్పిన్నా లేదా? గుడ్డముక్కలు గట్లెందుకిచ్చిందో ఇప్పుడు సమజైందా? ముక్కలిచ్చి పిల్లను గుంజుకుంటది" అని బాపమ్మ నెత్తి కొట్టుకుంది. గౌను పొయ్యిలో పెట్టమంది. బడి మాన్పించమంది. అవ్వ సూదిలో పడుగునూలు ఎక్కించి, నా ఒంటి మీదుండగానే జేబు మూతి కుట్టేసింది. సూది ఎక్కడ గుచ్చుకుంటుందోనని ఊపిరి బిగపట్టి నిలబడ్డాను.

మరునాడు బాపు బొమ్మకాగితం చేత పట్టుకుని నన్ను మళ్లీ ఆ అరుగు మీదికి తీసుకుపోయాడు.

"ఏందమ్మా గిది? మా పిల్లను ఏం జెయ్యాలనుకున్నవ్?"

మిషనమ్మ మిషన్ ఆపింది. "బొమ్మ ఇచ్చిన అన్నా. నిన్నడగకుంట ఇచ్చిన, అది నా తప్పే. కొత్త బట్ట కుట్టిన ప్రతి పిల్లకూ ఏదో ఒకటిస్త. నాకాడ గవే ఉంటయి."

"ఉత్తగనే ఇస్తవా?"

"ఉత్తగనే ఇస్త. నీ గుడ్డ ముక్కలు ఒక్కటన్న తక్కువైనయా?"

"లే" అన్నాడు బాపు.

"మరి నీది నాకాడ ఏం లేదు. నాదే నీ చేతిల ఉన్నది. ఉంచుకుంటవా, ఇస్తవా, నీ ఇష్టం."

బాపు ఆ బొమ్మను కొంతసేపు చూసి, ఆమె మిషన్ బల్ల మీద పెట్టాడు.  ఒర్రె గట్టు మీద ఆగి నా ముఖంలోకి చూశాడు.

"గామెను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నువ్వు వారం దినాలు ఇంట్ల తిరుక్కుంట చెప్పలే. నేను ఊరందరి మీద పెట్టిన కన్ను నీ మీద పెట్టలే." మళ్లీ నడక మొదలుపెడుతూ, "గౌను యేసుకో. బడికి పో. జేబు మాత్రం విప్పేది లేదు" అన్నాడు.

అప్పుడైనా సోపతి సంగతి చెప్పి ఉండాల్సింది. నేను చెప్పలేదు. బాపు కన్ను నా మీద పడిన రోజు కూడా ఆయనకు కనిపించాల్సింది కనిపించలేదు.

పది రోజుల తరవాత భూగోళం చెప్పే సారు రాలేదని లెక్కల సారే మా తరగతికి వచ్చారు. తాత్కాలికంగా ఎవరివో అద్దాలు పెట్టుకుని తల అటూ ఇటూ వంచి చూస్తుండేవారు. మూలనున్న కొత్త రాష్ట్రం పటం తెచ్చి మేకుకు తగిలించి చుట్ట విప్పారు. పటంలోంచి కళ్లద్దాలు జారి నేల మీద పడ్డాయి. పగలలేదు. ఆ రోజు పగటి గంటలో ఎవరో ఆ బల్ల మీద పటం చుట్టేటప్పుడు అందులో పడి ఉంటాయి.

 సారు వాటిని తీసి, పంచె కొసతో తుడిచి పెట్టుకున్నారు. బెత్తంతో పటం మీద చూపిస్తూ, "ఇదీ గోదావరి" అన్నారు.  నేను లేచి నిలబడ్డాను.

"సార్, నా సోపతిని రమ్మనాలె."

"కూర్చో."

"అది తియ్యలే గద సార్."

ఆయన నా వైపు చూశారు. ఈసారి అద్దాలున్నాయి, నేను స్పష్టంగానే కనిపించి ఉంటాను. "కూర్చోమ్మా" అన్నారు. ఆ గంటలో గోదావరి సముద్రం దాకా పోలేదు. మధ్యలోనే ఆపేశారు.

సోపతి ఇంటికి పోయేందుకు నాకు ఇంకో నాలుగు రోజులు పట్టింది. వాళ్ల ఇంట్లో నానబెట్టిన తునికాకుల వాసన, తంబాకు ఘాటు. తల్లీ బిడ్డా ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి సోపతి తల ఎత్తలేదు. దాని వేళ్లు మాత్రం ఆగలేదు.

వాళ్లవ్వ అంది: "అద్దాలు దొరికినయని తెలిసిందిలే. సారు గూడ వచ్చి పోయిండు. పంపుమన్నడు. ఏం పంపాలె? ఆయనకు అద్దాలు దొరికినయి, నాకు ఇంట్ల ఇంకో చెయ్యి దొరికింది. ఇప్పుడు దినాం నాలుగు కట్టలు ఎక్కువైతున్నయి."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.  కాసేపటికి సోపతి చాట పక్కన పెట్టి లేచి, "ఇటు రా" అని దొడ్లోకి తీసుకుపోయింది.

"గా గౌను ఒక్కసారి యేస్కుంట, ఇస్తవా?"

మేకల పాక చాటున బట్టలు మార్చుకున్నాం. దాని లంగా నాకు ఎంత బరువుగా అనిపించిందో. అది గౌను వేసుకుని భుజాలు కదిలించి చూసుకుంది. కూర్చుని లేచింది. తరవాత దొడ్డి దడి దాటి సందు చివరి దాకా ఉరికింది. ఆ చివర ఆగకుండా మళ్లుకుని ఇంకా వేగంగా వచ్చింది. రొప్పుతూ నా ముందు ఆగి, చెయ్యి పక్కకు పోనిచ్చి, కుట్టేసిన జేబు తడిమింది.

"మూసేసిండ్రా?"

"మా అవ్వ."

అది నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"నువ్వు చెప్పకున్నా సారు నా రొండి చూసెటోడే అంటది మా అవ్వ" అంది. గుండీలు విప్పుకుంటూ నా ముఖంలోకి చూసింది. "నువ్వు చెప్పకుంటే చూడకపోతుండెనని నేననుకుంటున్న."

 బట్టలు మార్చుకున్నాం. వాళ్లవ్వ పిలిస్తే అది లోపలికి పోయింది.

ఆ గౌను రెండేళ్లు వేసుకున్నాను. పొట్టిదైతే అంచుకు వేరే గుడ్డ అతికి ఇంకో ఏడాది వేసుకున్నాను. మిషనమ్మే అతికింది, బాపు ముందర కూర్చోకుండానే. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు, ఆ తరవాత కరీంనగర్‌లో ట్రైనింగు. పంతులమ్మనయ్యాను. సోపతికి పదమూడో ఏట పెళ్లయింది. భర్త వెంట బొంబాయి దిక్కు మరమగ్గాలకు పోయిందని విన్నాను. తిరిగి వచ్చిందో లేదో తెలియదు. తెలుసుకోవడానికి నేను పెద్దగా తిరగనూ లేదు.

ఇన్నేళ్లలో ఈ కథను నా కోసం చాలాసార్లు మార్చి చెప్పుకున్నాను. చిన్నపిల్లను, భయపడ్డాను, నోరు జారింది అనుకున్నాను. ఊరంతా అనుమానాల పుట్ట, నేనొక్కదాన్నీ ఎట్లా వేరుగా ఉంటాను అనుకున్నాను. బాపమ్మ, బాపు, సారు, అందరిదీ అనుమానమే. వాళ్లకు తెలియక అనుమానించారు. నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను. నేను చెప్పకున్నా సారు చూసేవారేనని వాళ్లవ్వ అన్నది నా మీద జాలితో. సోపతి అన్నదే నిజం.